ఇంగ్లీషు హల్లులు, తెలుగు నోరు

ఇంగ్లీషులో అక్షరాలు 26. అందులో అచ్చులు అయిదు పోతే హల్లుల అక్షరాలు 21. కానీ నోటితో పలికే హల్లు ధ్వనులు 24. రాసేదానికీ పలికేదానికీ మధ్య ఉన్న ఈ తేడా దగ్గరే మన పిల్లల తడబాటు మొదలవుతుంది.

జిల్లా పరిషత్ బడుల్లో ఇంగ్లీషు పాఠాలు చెబుతూ తల నెరిసినవాణ్ణి. రిటైరయ్యాక కూడా నర్సింగ్ చదివే అమ్మాయిలు, ఇంటర్వ్యూలకు తయారయ్యే కుర్రాళ్లు, కొత్తగా ఉద్యోగంలో చేరిన టీచర్లు ఇంటికి వస్తూనే ఉన్నారు. "గ్రామర్ వచ్చు మాస్టారూ, రాయడం వచ్చు. నోరు విప్పితే మాత్రం అవతలివాళ్లు మళ్లీ చెప్పమంటున్నారు" అని వాళ్లలో చాలామంది గోడు. వాళ్లకు చెప్పే మాటలనే ఇక్కడ వరసగా రాస్తున్నాను. అచ్చుల సంగతి, మాటలో ఊనిక సంగతి వేరే పెద్ద కథ, వాటి జోలికి వెళ్లను. హల్లుల విషయంలో నా నమ్మకం ఒకటే. తెలుగు శుభ్రంగా పలికే నోటికి ఇంగ్లీషు హల్లుల్లో చాలా భాగం ముందే వచ్చు. రానివాటిని కూడా తెలుగు దారినే వెళ్లి పట్టుకోవచ్చు.

1. అక్షరం వేరు, ధ్వని వేరు

మన వర్ణమాల నోటికి గీసిన పటం. 'క' గొంతు దగ్గర పుడుతుంది, 'చ' అంగిలి దగ్గర, 'ట' నాలుక వెనక్కి మడిస్తే, 'త' పళ్ల వెనక, 'ప' పెదవుల మీద. లోపలి నుంచి బయటికి, ఒక వరసలో. ఈ అమరిక మనకు ప్రాచీన శిక్షా గ్రంథాల నుంచి, ప్రాతిశాఖ్యల నుంచి వచ్చింది. 19వ శతాబ్దంలో యూరప్‌లో ధ్వనిశాస్త్రం ఎదిగినప్పుడు అక్కడి పండితులు మన గ్రంథాల నుంచి నేర్చుకున్నది చాలా ఉంది. అ ఆలు నేర్చిన పిల్లవాడికి ధ్వనిశాస్త్రంలో మొదటి పాఠం అయిపోయినట్టే.

ఇంగ్లీషు ఏబీసీడీలకు ఇలాంటి వరస లేదు. 'సి' అక్షరం క్యాట్‌లో 'క', సిటీలో 'స', ఓషన్‌లో 'ష'. అలాగే 'క' ధ్వనిని 'సి'తో రాస్తారు, 'కె'తో రాస్తారు, 'క్యూ'తో రాస్తారు, స్కూల్ అన్న మాటలో 'సిహెచ్' రెండూ కలిపి రాస్తారు. అందుకే స్పెల్లింగ్ చూసి ఉచ్చారణ ఊహించే అలవాటును మొదట్లోనే మాన్పించాలి. కొత్త పిల్లలు వస్తే ముందు ఒక పని చేయిస్తాను. మాట చెప్పి, అందులో ధ్వనులెన్నో వేళ్ల మీద లెక్కపెట్టమంటాను. 'షిప్'లో అక్షరాలు నాలుగు, ధ్వనులు మూడు. 'బాక్స్'లో అక్షరాలు మూడు, ధ్వనులు నాలుగు. నాలుగు రోజులు ఈ ఆట ఆడితే చాలు, పిల్లల చూపు కాగితం మీద నుంచి నోటి మీదికి వస్తుంది.

2. నోరు తిరగలేదంటే ముందు చెవిని అనుమానించండి

పలకలేకపోతున్నామని వచ్చేవాళ్లలో ఎక్కువమందికి అసలు తేడా వినపడటం లేదు. వినపడని తేడాను నోటితో చూపించమంటే ఎవరివల్లా కాదు. గిడుగు రామమూర్తి పంతులు గారు పర్లాకిమిడిలో సవర భాష నేర్చుకోవాలనుకున్నప్పుడు ఏ పుస్తకమూ లేదు. ఆ భాష మాట్లాడే మనిషిని ఇంట్లో పెట్టుకుని, వింటూ నేర్చుకున్నారు. తెలుగులో లేని ధ్వనుల్ని సైతం పట్టుకుని, సవర పిల్లలకు వాచకాలు రాశారు. 1931లో సవర భాషకు ఇంగ్లీషులో వివరమైన పుస్తకం వెలువరించారు. ఇదంతా చెవి చేసిన పని.

తరగతిలో నేను చేసేది చాలా తేలిక. నోటికి పుస్తకం అడ్డం పెట్టుకుని, ఒక్క ధ్వని తేడా ఉన్న జంట మాటల్లో ఒకటి పలుకుతాను. మొదటిదైతే ఒక వేలు, రెండోదైతే రెండు వేళ్లు ఎత్తాలి. నోరు కనపడదు కాబట్టి చెవే పనిచేయాలి. పది సార్లలో తొమ్మిది సార్లు సరిగ్గా ఎత్తగలిగినప్పుడే పలకడం మొదలుపెట్టిస్తాను. అంతకుముందు నోటికి పని చెబితే పిల్లవాడు విసిగిపోతాడు, మాస్టారూ విసిగిపోతాడు.

3. 'వి' దగ్గర పళ్లు, 'డబ్ల్యూ' దగ్గర పెదవులు

ద్రాక్ష తీగను ఇంగ్లీషులో వైన్ అంటారు. ద్రాక్షతో చేసే మద్యమూ వైనే. పడమర దిక్కు వెస్ట్, చొక్కా లోపల తొడుక్కునేదీ వెస్టే. పశువుల డాక్టరు వెట్, తడిసిన గుడ్డా వెట్టే. తెలుగులో రాస్తే ఈ జంటలకు తేడానే లేదు. ఇంగ్లీషు చెవికి మాత్రం ఇవి ఆరు వేర్వేరు మాటలు. ప్రతి జంటలో ఒకటి 'వి'తో, ఒకటి 'డబ్ల్యూ'తో.

మన 'వ' ఈ రెండింటికీ మధ్యలో ఉంది. కింది పెదవి పై పళ్ల వైపు వెళుతుంది కానీ గట్టిగా ఆనదు. పెదవులు కాస్త దగ్గరవుతాయి కానీ గుండ్రంగా చుట్టుకోవు. తెలుగుకు అది సరిపోతుంది, అందులో లోపమేమీ లేదు. ఇంగ్లీషుకు వచ్చేసరికి దాన్ని రెండుగా చీల్చుకోవాలి.

'వి'కి దారి 'ఫ' నుంచి ఉంది. ఫలం, ఫలితం అనేటప్పుడు మనలో చాలామంది 'ప'కు ఒత్తు పెట్టి పలకం, పై పళ్లను కింది పెదవికి ఆనించి గాలి వదులుతాం. ఇంగ్లీషు 'ఎఫ్' సరిగ్గా అదే. ఆ 'ఫ్' ధ్వనిని సాగదీస్తూ, పళ్లూ పెదవీ కదపకుండా గొంతులో నాదం కలపండి. కింది పెదవి సన్నగా జలదరిస్తుంది. 'వి' వచ్చినట్టే. ఫ్యాన్, వ్యాన్ అని ఒకదాని వెంట ఒకటి అనుకుంటే తేడా గొంతులోనే తప్ప పెదవి దగ్గర లేదని తెలిసిపోతుంది.

'డబ్ల్యూ' దగ్గర పళ్లకు పని లేదు. 'ఊ' అనడానికి పెదవులు ఎలా చుడతామో అలా చుట్టి, అక్కడి నుంచి తర్వాతి అచ్చులోకి విడవాలి. 'ఊ' అని మొదలుపెట్టి 'ఎట్'లోకి జారితే తడి అన్న అర్థమున్న వెట్ వస్తుంది. అద్దం ముందు నిలబడండి. 'వి' అనేటప్పుడు పై పళ్లు కనపడాలి, 'డబ్ల్యూ' ధ్వని పలికేటప్పుడు కనపడకూడదు. సాధనకు 'వెరీ వెల్' అన్న రెండు మాటలను మించినవి నాకు తెలియవు. మొదటిదానికి పళ్లు, రెండోదానికి పెదవులు. స్నానం చేస్తూ, వంట చేస్తూ, బస్సు కోసం నిలబడి అనుకోవచ్చు. వాట్, వేర్, వై లాంటి ప్రశ్న మాటలు రెండో రకమే.

4. జెడ్ మన నోట్లో ఉంది, వెతికి తీయాలి

తెలుగువాళ్లు జెడ్ పలకలేరని అందరూ అంటారు. ఎక్కడ పలకలేరో, ఎక్కడ చక్కగా పలుకుతారో చెప్పేవాళ్లు తక్కువ. 'సైజు' దగ్గర మనకు పెద్ద ఇబ్బంది లేదు. 'జీరో', 'జిప్', 'జీబ్రా' దగ్గరే పట్టుబడతాం. దీనికి కారణం తెలుగులోనే ఉంది.

మనకు రెండు 'జ'లు ఉన్నాయి. జిల్లా, జీతం, జేబు అనేటప్పుడు నాలుక అంగిలికి వెడల్పుగా అతుక్కుంటుంది. జడ, జోల, జున్ను అనేటప్పుడు నాలుక కొన మాత్రం పళ్ల వెనక తగులుతుంది. ఈ రెండోదాన్ని పాత పుస్తకాల్లో ౙ అని ప్రత్యేకంగా గుర్తు పెట్టి రాసేవారు. ఇ, ఈ, ఎ, ఏ అచ్చులు వస్తే తెలుగు నోరు మొదటి 'జ' వైపే వెళుతుంది. జిప్‌లో 'ఇ' ఉంది, జీరోలో 'ఈ' ఉంది. నోరు పాత అలవాటుతో జిల్లాలోని 'జ'ను తెచ్చి అక్కడ పెట్టేస్తుంది.

ఇప్పుడు రోజు, గాజు, బూజు అని తాపీగా అనండి. చాలామంది నోట్లో నాలుక కొన పైన పూర్తిగా ఆనదు. సన్నటి సందులోంచి గాలి జారుతుంది, గొంతు మోగుతూ ఉంటుంది. అదే జెడ్! 'రోజు'లో చివరి 'ఉ' తీసేయండి. గులాబీ పువ్వుకు ఇంగ్లీషు పేరు చివర వినిపించే ధ్వని మీ నోట్లో మిగులుతుంది. దాన్ని ఆపకుండా సాగదీసి, వెంటనే 'ఇప్' కలపండి. నాలుక పైకి అతుక్కోకుండా కాపలా కాయండి. జిప్ సరిగ్గా వస్తుంది. తర్వాత 'ఈరో' కలిపితే జీరో. ఎనిమిదో తరగతి పిల్లలు ఈ మెట్లెక్కి పావుగంటలో జెడ్ పట్టుకోవడం చూశాను. వాళ్ల మొహాలు చూడాలి అప్పుడు!

గొంతు మీద రెండు వేళ్లు ఆనించి చూస్తే ఇంకా స్పష్టంగా తెలుస్తుంది. 'స్' అంటే వేళ్ల కింద నిశ్శబ్దం. జెడ్ అంటే జలదరింపు. ధర అన్న అర్థంలో ప్రైస్, బహుమతి అన్న అర్థంలో ప్రైజ్. మంచుగడ్డ ఐస్, కళ్లు ఐజ్. ఇంకొకటి గుర్తుపెట్టుకోవాలి. జెడ్ అక్షరం ఇంగ్లీషులో అరుదు కానీ జెడ్ ధ్వని అరుదు కాదు. ఈజ్, వాజ్, హాజ్, హిజ్, దీజ్ అన్నింటినీ 'ఎస్'తో రాసి జెడ్‌తో పలుకుతారు. వాక్యానికి ఒకసారైనా తగిలే మాటలివి. వీటిని దిద్దుకుంటే మాట తీరే మారిపోతుంది.

5. మాట మొదట్లో ప, ట, క లకు కాస్త ఊపిరి

క్యాలెండరు కాగితం సన్నగా, జానెడు పొడవున చింపండి. పెదవులకు ఎదురుగా, రెండు వేళ్ల దూరంలో వేలాడదీయండి. తెలుగు 'పిల్లి' అనండి. కాగితం దాదాపు కదలదు. లండన్ మనిషి మాత్ర అన్న అర్థంలో 'పిల్' అంటే కాగితం ఎగిరిపడుతుంది. అదే మనిషి 'స్పిల్' అంటే మళ్లీ ఊరుకుంటుంది. మాట మొదట్లో, లేదా మాటలో ఊనిక పడే చోట ప, ట, క లు వస్తే వాటి వెంట ఊపిరి విసురుగా వస్తుంది. ముందు 'స్' ఉంటే రాదు.

ఇదంతా చాదస్తం అనుకోవద్దు. మాట మొదట్లో ఉన్నది 'ప'నా 'బ'నా అని ఇంగ్లీషు చెవి తేల్చుకునేది ముఖ్యంగా ఈ ఊపిరిని బట్టే. ఊపిరి లేకుండా 'పిల్' అంటే వాళ్లకు 'బిల్' అన్నట్టు వినిపిస్తుంది. 'కోట్' కాస్తా 'గోట్' అవుతుంది, 'టౌన్' కాస్తా 'డౌన్' అవుతుంది. విదేశాల్లో నర్సు ఉద్యోగానికి తయారవుతున్న ఒక అమ్మాయికి ఈ పాఠం చెప్పినప్పుడు ఆమె కాసేపు ఆలోచించి, "అక్కడ ముసలివాళ్ల దగ్గర పనిచేయాలి మాస్టారూ, వాళ్లకు అసలే చెవుడు ఉంటుంది కదా" అంది. ఎంత బాధ్యత ఉన్న మాట! ఆ రోజు నుంచి పిల్, పెయిన్, టాబ్లెట్, కాఫ్ అన్న మాటలే కాగితం ముందు పెట్టుకుని సాధన చేసింది.

మనకు ఖ, థ లాంటి ఒత్తక్షరాలు ఉన్నాయి కాబట్టి దారి తెలియనిది కాదు. నిండు ఒత్తు అక్కర్లేదు, తేలికపాటి ఊపిరి చాలు. మన దేశంలో మనవాళ్లతో మాట్లాడుకున్నంతవరకు దీని అవసరం పెద్దగా రాదు. పై దేశాల వాళ్లతో, ముఖ్యంగా ఫోన్లో మాట్లాడే ఉద్యోగమైతే తప్పనిసరి.

6. మాట చివర 'ఉ' అతికించకండి

తెలుగు అజంత భాష. మాట అచ్చుతో ముగియడం దాని స్వభావం. అందుకే వచ్చిన ప్రతి పరాయి మాటనూ కారు, బస్సు, రైలు, పెన్ను అని మనదిగా చేసుకున్నాం. తెలుగు మాట్లాడేటప్పుడు అలాగే అనాలి. తెలుగు వాక్యం మధ్యలో 'బస్' అని కోసినట్టు పలకనక్కర్లేదని నా అభిప్రాయం. ఇంగ్లీషు వాక్యంలో మాత్రం ఆ 'ఉ' అడ్డం వస్తుంది.

తీసేయడానికి సులువు మన సంధిలోనే ఉంది. అతడు, ఎక్కడ అన్న రెండు మాటలు కలిస్తే అతడెక్కడ అవుతుంది. 'ఉ' పోయి హల్లు తర్వాతి అచ్చును పట్టుకుంటుంది. ఇంగ్లీషులోనూ 'పిక్ ఇట్ అప్' అన్న మూడు మాటలు నోట్లో 'పికిటప్' అయిపోతాయి. 'నాట్ ఎట్ ఆల్' కూడా అంతే. విడివిడిగా కాకుండా ఇలా కలిపి చెప్పించండి, చివరి 'ఉ' దానంతట అదే రాలిపోతుంది.

ఇంకో సూక్ష్మం. 'బ్యాక్', 'బ్యాగ్' తేడా చివరి హల్లులో ఉందనుకుంటాం. ఇంగ్లీషువాళ్లు ఆ చివరి 'గ్'ను చాలాసార్లు గట్టిగా విడవనే విడవరు. మరి తేడా ఎలా తెలుస్తుంది? ముందున్న అచ్చు వల్ల. 'గ్, డ్, బ్' ముందు అచ్చు సాగుతుంది, 'క్, ట్, ప్' ముందు తెగుతుంది. 'క్యాప్' పొట్టిగా, 'క్యాబ్' కాస్త సాగదీసి అనండి. హల్లును ఎంత నొక్కినా రాని స్పష్టత అచ్చు సాగితే వస్తుంది.

7. సరళాదేశ సంధి చదివినవాళ్లకు ఎస్, ఈడీలు కష్టం కాదు

బహువచనం 'ఎస్' మూడు రకాలుగా పలుకుతుంది. భూతకాలం 'ఈడీ' కూడా మూడు రకాలే. గైడ్లలో దీనికి పట్టికలిచ్చి బట్టీ పట్టమంటారు. బట్టీ అక్కర్లేదు. క చ ట త ప లు పరుషాలు, గ జ డ ద బ లు సరళాలు అని తొమ్మిదో తరగతి లోపే మన పిల్లలు చదువుతారు. పరుషాల్లో గొంతు మోగదు, సరళాల్లో మోగుతుంది. చిన్నయసూరి 1858 నాటి బాలవ్యాకరణంలో ద్రుతం (మాట చివరి నకారం) మీది పరుషాలకు సరళాలు వస్తాయన్నాడు. పూచెను, కలువలు కలిస్తే 'క' కాస్తా 'గ' అవుతుంది. నకారంలో మోగిన గొంతు పక్కనున్న హల్లును కూడా మోగిస్తుంది.

ఇంగ్లీషులో జరిగేదీ ఇలాంటిదే. మాట చివర గొంతు మోగని హల్లు ఉంటే 'ఎస్' ఎస్‌గానే ఉంటుంది: క్యాట్స్, బుక్స్, కప్స్. చివర మోగే ధ్వని ఉంటే అది జెడ్ అవుతుంది: డాగ్జ్, పెన్జ్, బాయ్జ్. స, ష, చ, జ లాంటి ధ్వనుల తర్వాత మాత్రం నోరు తిరగడానికి మధ్యలో చిన్న 'ఇ' వస్తుంది: బసిజ్, వాచిజ్. భూతకాలానికీ ఇదే న్యాయం. 'వాక్' చివర పరుషం కాబట్టి వాక్ట్, 'స్టాప్' స్టాప్ట్. 'రబ్' చివర సరళం కాబట్టి రబ్డ్, 'ప్లే' అచ్చుతో ముగిసింది కాబట్టి ప్లేడ్. ముందే 'ట్' కానీ 'డ్' కానీ ఉంటే వాంటిడ్, నీడిడ్. వాకెడ్, స్టాపెడ్ అనే అలవాటు మన బడుల్లో ఇంకా పోలేదు. ఇంగ్లీషు టీచరూ తెలుగు పండితుడూ ఒక్క పీరియడ్ కలిసి కూర్చుంటే పోతుంది.

8. జంట అక్షరాలు ద్విత్వాలు కావు

మనకు గడి వేరు, గడ్డి వేరు. కాబట్టి రెండు అక్షరాలు కనపడితే నొక్కి పలుకుతాం. హాప్పీ, సమ్మర్, బట్టర్ అనేది అందుకే. ఇంగ్లీషు మాట లోపల జంటగా రాసిన అక్షరాలు చాలా మటుకు ఒకే హల్లు. హ్యాపీ, సమర్, బటర్. రెండు 'ఎమ్‌'లు ముందున్న అచ్చు పొట్టిదని చెప్పడానికి రాసినవి, నొక్కడానికి కాదు.

9. లేని 'య', లేని 'వ'

తెలుగులో మాట మొదటి 'ఎ'కు సన్నటి 'య', 'ఒ'కు సన్నటి 'వ' తోడవడం సహజం. యెందుకు, వొకటి అని రాసినవాళ్లూ ఉన్నారు. గోడల మీద, బ్యానర్ల మీద యన్.టి.ఆర్., యమ్.యల్.ఏ. అన్న రాతలు మీరూ చూసే ఉంటారు. ఈ అలవాటు ఇంగ్లీషులోకి వెళితే ఎగ్ 'యెగ్' అవుతుంది, ఓన్లీ 'వోన్లీ' అవుతుంది. అది కేవలం యాస అయితే నేను పట్టించుకోను. కానీ చెవి అన్న మాట ఇయర్, సంవత్సరం అన్న మాట యియర్. తూర్పు ఈస్ట్, రొట్టె పొంగడానికి వేసేది యీస్ట్. 'య' అక్కర్లేని చోట తీయడం, కావలసిన చోట పెట్టడం రెండూ నేర్చుకోవాలి. మాట మొదలుపెట్టే ముందు నాలుకను కదలనివ్వకుండా, నోరు తెరిచి నేరుగా అచ్చుతో మొదలుపెడితే అదనపు 'య' రాదు.

10. థ, ద, ట లకు రెండో వరస చాలు

'టిహెచ్' గురించి మన శిక్షణ కేంద్రాల్లో చాలా హడావిడి చేస్తారు. నాలుక కొనను పళ్ల మధ్య తేలికగా ఉంచి గాలి వదలాలి. థింక్‌లో గొంతు మోగదు, దిస్‌లో మోగుతుంది. మన థ, ద ల్లో నాలుక గాలిని ఆపేస్తుంది, ఇంగ్లీషు ధ్వనుల్లో జారనిస్తుంది, అంతే తేడా. ఐర్లండ్‌లో కూడా చాలామంది మనలాగే పళ్ల దగ్గర గాలి ఆపి పలుకుతారు. ఇంగ్లీషే వాళ్ల ఇంటి భాష. అందువల్ల 'ద' వినిపించినంత మాత్రాన సిగ్గుపడాల్సింది లేదు. ఒక్క జాగ్రత్త మాత్రం తీసుకోండి. మన 'త్రీ' బయటివాళ్లకు చెట్టు అన్న 'ట్రీ'లా వినపడవచ్చు. ఫోన్ నంబర్లు, డబ్బు లెక్కలు చెప్పేవాళ్లు త్రీ, థర్టీ, థౌజండ్ వరకైనా సాధన చేయాలి.

ఇంగ్లీషు 'టి' మన 'త'కూ 'ట'కూ మధ్యలో, పై పళ్ల వెనక చిగురు మీద పుడుతుంది. 'ల' అనడానికి నాలుక కొన ఎక్కడ ఆనుతుందో అక్కడే ఉంచి 'ట' అంటే దగ్గరగా వస్తుంది. మన మూర్ధన్య 'ట'తో మాట్లాడినా అర్థం చెడటం అరుదు. దీనిమీద నెలలు ఖర్చుపెట్టడం వృథా అని గట్టిగా చెబుతాను.

ఎదుటివాళ్లకు అర్థం కావడమే గీటురాయి. హైదరాబాదులో 1958లో ఏర్పడ్డ సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లిష్, ఇప్పటి ఇఫ్లూ, ఈ విషయంలో మనకు దారి చూపింది. అక్కడి ఆచార్యులు ఆర్.కె. బన్సల్ భారతీయుల ఇంగ్లీషు బయటివాళ్లకు ఎంత అర్థమవుతుందో పరిశీలించి 1969లో పుస్తకం వెలువరించారు. లండన్ మనిషిలా వినపడటం వేరు, లండన్ మనిషికి అర్థం కావడం వేరు. రెండోదే మనకు కావాలి.

11. రెండు చిన్న ధ్వనులు

పాడే మనిషిని మనం సింగర్ అంటూ 'గ'ను గట్టిగా పలుకుతాం. బ్రిటిష్, అమెరికన్ ఉచ్చారణల్లో సాధారణంగా అక్కడ 'గ' లేదు, మన 'ఙ' ఒక్కటే ఉంది. వేలు అన్న ఫింగర్‌లో మాత్రం 'గ' ఉంది. వర్ణమాలలో మనం దాటవేసే 'ఙ'కు ఇక్కడ పని దొరికింది. రెండోది మెజర్, విజన్ మాటల మధ్యలో ఉన్న ధ్వని. అది 'జ' కాదు. 'ష్' అని సాగదీస్తూ గొంతు మోగిస్తే వస్తుంది.

12. మూగ అక్షరాలకు చరిత్ర చెప్పండి

నైఫ్ ముందు 'కె' ఎందుకని పిల్లలు అడిగితే "అదంతే" అనకండి. ఒకప్పుడు ఆ 'కె'ను పలికేవారు. ఇంగ్లండులో 1476లో విలియం కాక్స్టన్ అచ్చుయంత్రం పెట్టాక స్పెల్లింగులు మెల్లగా స్థిరపడ్డాయి, నోళ్లు మాత్రం మారుతూ పోయాయి. 'కె' కాగితం మీద మిగిలింది. అప్పు అన్న డెట్‌లో 'బి' కథ వేరు. ఫ్రెంచి నుంచి వచ్చినప్పుడు అందులో 'బి' లేదు. లాటిన్ మూలం గుర్తుండాలని పండితులు తర్వాత చొప్పించారు. దీవి అన్న ఐలండ్‌లో 'ఎస్' కూడా తర్వాత చొప్పించిందే. కారణం తెలిసిన పిల్లవాడు ఆ అక్షరాన్ని రాస్తాడు, పలకడు.

13. డిక్షనరీ వినండి

డేనియల్ జోన్స్ ఇంగ్లీషు ఉచ్చారణ నిఘంటువు 1917లో వచ్చింది. మా కాలంలో అలాంటి పుస్తకం పెద్ద కాలేజీ లైబ్రరీలో దొరికితే అదృష్టం. అందులోని గుర్తులు చూసి ధ్వనిని ఊహించుకునేవాళ్లం. ఇప్పుడు మంచి డిక్షనరీలన్నీ ఫోన్లో ఉన్నాయి. మాట పక్కన బొమ్మ నొక్కితే వినిపిస్తాయి. బ్రిటిష్ ఉచ్చారణ వేరుగా, అమెరికన్ ఉచ్చారణ వేరుగా. అయినా గుర్తులు నేర్చుకోమనే చెబుతాను. హల్లులకున్న 24 గుర్తుల్లో 16 మనకు తెలిసిన ఇంగ్లీషు అక్షరాలే, వాటి మామూలు ధ్వనితోనే. కొత్తగా గుర్తుపెట్టుకోవలసినవి ఎనిమిదే. వారం రోజుల పని.

కొత్త మాట ఎదురైతే ముందు మూడుసార్లు వినండి, తర్వాత పలకండి, మీ గొంతు ఫోన్లో రికార్డు చేసి పక్కపక్కన వినండి. తెలుగు లిపిలో ఉచ్చారణ రాసిచ్చే పుస్తకాలు మొదటి మెట్టుకు పనికొస్తాయి. వైన్‌కూ వైన్‌కూ తేడా వాటిలో దొరకదు కాబట్టి అక్కడే ఆగిపోకండి.

ఇంగ్లీషు చెప్పే కొత్త టీచర్లకు ఒక విన్నపం. తరగతిలో ఎవరైనా జీరోను జిల్లా 'జ'తో అన్నప్పుడు మిగతా పిల్లల్ని నవ్వనివ్వకండి. ఒకసారి నవ్వులపాలైన పిల్లవాడు తర్వాత నోరు విప్పడు, విప్పని నోటిని ఎవరూ దిద్దలేరు. నెలకొక ధ్వని చాలు, తొందర వద్దు. ముందు 'వి', 'డబ్ల్యూ'. ఆ తర్వాత జెడ్. ఆ తర్వాత మాట చివరి హల్లులు. ఈ మూడూ చక్కబడితే మళ్లీ చెప్పమని అడిగేవాళ్లు బాగా తగ్గిపోతారు. జూన్‌లో బడి తెరిచిన మొదటి వారంలోనే మొదలుపెట్టండి.